నలుగురు ఎత్తగలిగే గది

మేడారం మహాజాతర దగ్గర పడిందంటే 163వ జాతీయ రహదారి తీరే మారిపోతుంది. జనగామ, వరంగల్, ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి పోయే ట్రాక్టర్ ట్రాలీల మీద వెదురు బద్దలు విల్లులా వంచి కట్టి ఉంటాయి. పైన తాడిపత్రి, కింద మందంగా పరిచిన వరిగడ్డి, గడ్డి మీద జంపఖానా, మూలన బియ్యం సంచి, గంపలో కోళ్లు, బెల్లం ముద్దలు. డీసీఎంలు, బొలెరో ట్రాలీలు, టాటా ఏస్‌లు కూడా ఇదే వేషంలో పోతుంటాయి. జంపన్న వాగు చుట్టుపక్కల ఎక్కడ జాగా దొరికితే అక్కడ బండి ఆపి, దాని పక్కనే పొయ్యి పెట్టి, మూడు నాలుగు రోజులు కాపురం చేస్తారు. దీన్ని ఎవరూ క్యాంపర్ అనరు, జాతరకు పోయే బండి అంటారంతే. అయినా అమెరికాలో పికప్ ట్రక్కు వెనక చిన్న గది బిగించుకుని తిరిగేవాళ్లు చేసే పనికీ దీనికీ తేడా లేదు. పగలు దారి, రాత్రి మకాం, రెండింటికీ ఒకటే బండి.

మన దగ్గర ఇది మోటారుతో మొదలైన అలవాటు కాదు. పెళ్లికూతురిని తీసుకొచ్చిన సవారి కచ్చురమే (గూడు కట్టిన ఎడ్లబండి) జాతరకూ పోయేది, రాత్రి దాంట్లోనే పిల్లలు పడుకునేవారు. నేటి మహబూబాబాద్ జిల్లా తండాల్లో స్థిరపడ్డ లంబాడీల పూర్వీకులైతే ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లే. ఎద్దు మోయగలిగినంతే సరుకు, ఎద్దు మోయగలిగినంతే సంసారం. అమెరికాలో 1930లలో కారు వెనక లాక్కుపోయే కన్నీటి బొట్టు ఆకారపు చిన్న గదులు వచ్చాయి. పత్రికల్లో పడే నమూనాలు చూసి జనం ఇంటి పెరట్లోనే వాటిని కట్టుకునేవారు. 1960లో రచయిత జాన్ స్టైన్‌బెక్ పికప్ ట్రక్కు వెనక గది కట్టించుకుని, కుక్కను వెంటబెట్టుకుని దేశం చుట్టి వచ్చాక ట్రక్కు క్యాంపర్లకు మంచి పేరొచ్చింది. తర్వాత అక్కడ ఆ గదుల్లోకి ఫ్రిజ్, షవర్, ఏసీ ఒక్కొక్కటిగా చేరి, ట్రక్కే చాలని స్థితికి వచ్చింది. మనం తాడిపత్రి దగ్గరే ఉండిపోయాం. ఈ రెంటికీ నడుమ ఒక దారి ఉంది. అది పెద్ద కంపెనీల దగ్గర కాక, మన ఊరి వడ్రంగి, వెల్డింగ్ షాపుల్లోనే దొరుకుతుంది. ఈ వ్యాసం చెప్పేది దాని గురించే.

ఆ దారి ఎటు పోవాలో తేల్చేది బండి యజమాని పరిస్థితి. విదేశాల్లో పికప్ ట్రక్కు చాలామందికి సొంత అవసరాల బండి. జనగామలో టాటా ఏస్ అంటే పత్తి బస్తాలు మార్కెట్‌కు తోలే బండి. మహబూబాబాద్‌లో బొలెరో ట్రాలీ అంటే మిర్చి బస్తాలు ఎనుమాముల యార్డుకు చేర్చే బండి. భూపాలపల్లిలో అది సిమెంటు, ఇనుము, టెంట్ హౌస్ సామాను మోస్తుంది. 2005లో టాటా ఏస్ వచ్చిన తర్వాత ఈ చిన్న ట్రాలీలు ఊరూరా బతుకుదెరువులయ్యాయి. చాలావాటి మీద ఫైనాన్స్ కంపెనీ వాయిదాలు నడుస్తుంటాయి. అలాంటి బండి మీద శాశ్వతంగా గది కట్టేస్తే ఏడాదిలో పది రోజుల సరదా కోసం మూడు వందల యాభై రోజుల కిరాయి పోతుంది. అందుకని ఇక్కడ పనికొచ్చే క్యాంపర్ జాతర రోజు ఎక్కి, తిరిగొచ్చిన మర్నాడు దిగిపోవాలి. దింపడానికి క్రేన్ పిలవాల్సి వస్తే ఎవరూ దింపరు. నలుగురు మనుషులు తలో మూల పట్టుకుని ఎత్తగలిగినప్పుడే అది రోజువారీ జీవితంలో ఇముడుతుంది. సౌకర్యం, అందం, ఖర్చు అన్నీ తర్వాతి సంగతులు. మొదట తేలాల్సింది బరువు.

చట్టం కూడా ఇటే నెడుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేకుండా మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కంపెనీలు తయారుచేసే కారవాన్లకు విడిగా ప్రమాణాలు, పరీక్షలు ఉన్నాయి. ఊళ్లో కట్టుకునే ఒక్క గది కోసం ఆ తంతు నడపడం ఎవరి వల్లా కాదు. డెక్‌ను కోయడం, ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టడం లాంటివి లేకుండా, బీరువా తీసుకెళ్లినట్టు ఎక్కించి బెల్టులతో బిగించే పెట్టె అయితే బండి బండిగానే ఉంటుంది, పెట్టె సరుకవుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు ట్రక్కు క్యాంపర్‌ను ఇలా సరుకుగానే లెక్కిస్తాయి. మన చట్టంలో ఇంత తేటగా రాసి లేదు కాబట్టి, పని మొదలుపెట్టే ముందే జిల్లా రవాణా కార్యాలయానికి కాగితం మీద కొలతలు రాసిచ్చి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోవడం మంచిది. నోటిమాట అనుమతి రోడ్డు మీద తనిఖీలో నిలబడదు.

సరుకు అనుకున్నాక సరుకు నిబంధనలే వర్తిస్తాయి. సరుకు బండి పక్కలకు గానీ, ముందుకు, వెనకకు గానీ హద్దు దాటి పొడుచుకొస్తే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా. మోయాల్సినదానికన్నా ఎక్కువ బరువు వేస్తే అదే 20,000, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. అంటే విదేశీ వీడియోల్లో కనిపించే, డెక్ దాటి రెండు పక్కలా ఉబ్బి, డ్రైవర్ క్యాబిన్ మీదికి మంచం చాచిన నమూనాలు మనకు కుదరవు. మన పెట్టె డెక్ కొలతల్లోనే ఒదగాలి. టాటా ఏస్ డెక్ సుమారు 7 అడుగుల పొడవు, 5 అడుగులకు కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది. నిలువునా పడుకుంటే ఇద్దరు పెద్దవాళ్లకు ఇది సరిపోతుంది. ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం: బండి నడుస్తున్నప్పుడు పెట్టెలో ఎవరూ కూర్చోకూడదు, పడుకోకూడదు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. జాతర ట్రాలీల ప్రమాదాల తర్వాత కుటుంబాలు రెండోసారి కూలిపోయేది ఇక్కడే.

ఇక కాంటా దగ్గరికి వద్దాం. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు. నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సరిసమానంగా బెల్లం తూచి సమర్పిస్తారు. మనిషిని ఇంత కచ్చితంగా తూచే జాతరకు పోయే బండిని మాత్రం ఎవరూ తూచరు. జిన్నింగ్ మిల్లుల దగ్గర, రైస్ మిల్లుల దగ్గర వేబ్రిడ్జిలు ఎన్నో ఉన్నాయి. డెక్ ఖాళీ చేసి, డీజిల్ నిండుగా పోయించి, డ్రైవర్‌ను కూర్చోబెట్టి ఒకసారి మొత్తం బండిని తూచాలి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాంటా మీదుంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి తూచాలి. మూడు చీటీలు చేతికొస్తాయి. రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన మొత్తం బరువులోంచి మొదటి చీటీలోని అంకె తీసేస్తే మిగిలేదే మనకు దక్కిన మొత్తం. ఏస్ రకాల్లో చాలావాటికి మోత సామర్థ్యం 700 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. బొలెరో పికప్‌లకు మోడల్‌ను బట్టి 1,300 నుంచి 1,700 కిలోల దాకా ఉంటుంది. కాగితం మీది అంకెను మొత్తం వాడేయకుండా ముప్పావు వంతు దగ్గరే ఆగిపోవాలి. పత్తి బస్తా డెక్ మీద ఒకటి రెండు గంటలుంటే క్యాంపర్ రోజుల తరబడి ఉంటుంది. ఎత్తుగా ఉండటంతో గాలికి, మలుపులకు ఊగుతుంది కూడా.

ఇప్పుడు ఒక పెట్టెను కాగితం మీద కడదాం. పొడవు 7 అడుగులు, వెడల్పు 4 అడుగుల 9 అంగుళాలు, ఎత్తు 5 అడుగులు. ఆరు ముఖాలూ కలిపి సుమారు 185 చదరపు అడుగులు. అడ్డుపట్టీలతో కలిపి చట్రానికి 165 అడుగుల ట్యూబు పడుతుందనుకుందాం. మామూలుగా వెల్డింగ్ షాపులో చెప్పే పద్ధతిలో కడితే అంగుళం ఇనుప స్క్వేర్ ట్యూబు 16 గేజీది 59 కిలోలు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 134 కిలోలు, బయట అర మిల్లీమీటరు జీఐ రేకు 67 కిలోలు. మొత్తం 260. మంచం, అర ఒకటి కూడా లేకుండానే ఇంత బరువు. అదే కొలతలకు అల్యూమినియం ట్యూబు 19 కిలోలు, అంగుళం మందం గట్టి ఫోమ్ బోర్డు 15, లోపల 4 మిల్లీమీటర్ల పలచటి ప్లై 45, బయట బంకతో అతికించి రంగు వేసిన గుడ్డ 20 వేసుకుంటే వంద కిలోలకు ఒకటి తక్కువ. తలుపు కీళ్లు, గడియలు, కిటికీ జాలీ కలిస్తే కొంచెం పెరుగుతుంది. మొదటి పెట్టెను ఎత్తాలంటే ఒక్కొక్కరి వాటాకు 65 కిలోలు వస్తుంది, రెండోదానికి 25. ఒకటి ఎక్కించాక దించకుండా వదిలేసేది, రెండోది వాడుకునేది.

రెండో పెట్టె ఇంత పలచగా ఉండి కూడా నిలబడటానికి కారణం ఇంజనీరింగ్‌లో చాలా పాత సూత్రం. ఒక పలకను వంచబోతే దాని పైపొర సాగుతుంది, కింది పొర నలుగుతుంది, నడుమ ఉన్న భాగానికి పెద్ద పని ఉండదు. కాబట్టి గట్టి పదార్థాన్ని రెండు పైపొరలకే వాడి, నడుమ తేలికైనదాన్ని నింపి, మూడూ విడిపోకుండా అతికిస్తే చాలు. మామూలు పలకకే మందం రెండింతలైతే వంగకుండా నిలబడే గుణం ఎనిమిది రెట్లవుతుంది. ఫోమ్ ఆ మందాన్ని దాదాపు బరువు లేకుండా ఇస్తుంది. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి కళాకారులకు ఈ కిటుకు కొత్తదేం కాదు. దేవుడి వాహనాలకు, రథాలకు లోపల చెక్క పెట్టి పైన పలచటి ఇత్తడి రేకు తొడుగుతారు. ఆ రేకు మీద సుత్తితో లేపిన లతలూ గీతలూ కంటికి అలంకారమే అయినా, చదునుగా ఉన్నప్పుడు వేలితో నొక్కితే వంగిపోయే రేకును బిగుతుగా నిలిపేవి అవే. మందం పెంచకుండా బలం తెచ్చే పని కాకతీయుల కాలం నుంచి ఈ పక్క ఊళ్లలో నడుస్తోందంటే, తేలిక గది కట్టడానికి బయటి నిపుణులే రావాలనడం సరికాదు.

పనిలో అసలు మెళకువంతా అతుకుల దగ్గరే. ఫోమ్ పలకల అంచులను 45 డిగ్రీల కోణంలో కోసి కలపాలి. నేరుగా ఎదురెదురు పెడితే మూలలు మొదటి వానకే నోరు తెరుస్తాయి. ఫర్నిచర్ షాపుల్లో వాడే, పెట్రోలు వాసన వచ్చే రబ్బరు బంక ఫోమ్‌ను కరిగించి గుంతలు చేస్తుంది. థిన్నర్ కలిపిన రంగు కూడా అంతే. నీళ్లతో పనిచేసే వాటర్‌ప్రూఫ్ చెక్క బంకనే వాడాలి. బయటి పొరకు కోరా గుడ్డను ముందు తడిపి ఆరబెట్టి, ఎంత ముడుచుకోవాలో అంతా ముడుచుకోనిచ్చి, బంక రాసిన ఫోమ్ మీద పరిచి, అరచేత్తో నడుమ నుంచి అంచులకు నిమురుతూ గాలి బుడగలు వెళ్లగొట్టాలి. గుడ్డ పైనుంచి మళ్లీ ఒక పూత బంక వేయాలి. అది ఆరి చర్మంలా బిగిశాక నీళ్లలో కలిసే ఎక్స్‌టీరియర్ పెయింట్ రెండు మూడు పూతలు పడాలి. మూలల మీద గుడ్డ రెండు పొరలుండాలి, ఒక పొర అంచు మరో పొర అంచు మీద రాకూడదు. కప్పు గుడ్డ గోడ మీదికి దిగాలే గానీ గోడ గుడ్డ కప్పు మీదికి ఎక్కకూడదు. నీళ్లు పైనుంచి కిందికి జారతాయన్న సంగతి తెలిసి కూడా చాలామంది ఇక్కడే తప్పుతారు. మేకు, స్క్రూ దిగే ప్రతి చోటా ఫోమ్ తీసేసి ఆ గుంతలో చెక్క ముక్క అతికించాలి. ఫోమ్ స్క్రూను పట్టుకోదు.

వెదురు వాడకూడదా అని అడిగేవాళ్లుంటారు. కప్పు విల్లులకు భేషుగ్గా వాడొచ్చు. మేదరులు చీల్చి ఇచ్చే బద్దలకు బరువు తక్కువ, వంగే గుణం ఎక్కువ. ములుగు, భూపాలపల్లి అడవుల్లోని వెదురును ఇష్టారాజ్యంగా కొట్టే వీలు మాత్రం లేదు. తాడ్వాయి ప్రాంతం ఏటూరునాగారం అభయారణ్యంలోనిది. 2017లో కేంద్రం చట్టం మార్చి అడవి బయట పెరిగిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసింది కాబట్టి పొలం గట్టున పెంచినది కొనుక్కోవచ్చు. వెదురుకు పురుగు పట్టకుండా శుద్ధి చేయించకపోతే రెండేళ్లలో పిండి రాలుతుంది. నేల మీద పరవడానికి వరంగల్ కొత్తవాడ జంపఖానా కన్నా మంచిది మార్కెట్లో మరోటి లేదు. ఇది పక్షపాతమే, కానీ చుట్టి మూలన పెడితే చోటు తినదు, ఉతికితే ఆరుతుంది.

పెట్టె తేలికగా కట్టి లోపల ఇనుప మంచం, మందపాటి కొబ్బరి పీచు పరుపు, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు పెడితే చేసిందంతా బూడిదలో పోసినట్టే. లీటరు నీళ్లు కిలో బరువు. ఇద్దరికి 40 లీటర్లు చాలు, దారిలో ఎక్కడైనా మళ్లీ నింపుకోవచ్చు. వంద ఆంపియర్ అవర్ల మామూలు బ్యాటరీ దాదాపు 30 కిలోలుంటే లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోల దగ్గర ఉంటుంది. ఒక ఫ్యాను, రెండు లైట్లు, ఫోన్ ఛార్జింగ్‌కు అందులో సగం శక్తి ఉన్నదైనా సరిపోతుంది. ఏసీ ఆలోచన పెట్టుకోవద్దు. దాన్ని నడిపే బ్యాటరీల బరువే మనం మిగుల్చుకున్నదంతా మింగుతుంది. బరువైనవి ఏవైనా కింద, క్యాబిన్ గోడ వైపు ఉండాలి. వెనక చక్రాల ఇరుసు దాటి తోక వైపు ట్యాంకు పెడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. అన్నీ సర్దాక మళ్లీ కాంటాకు పోయి ముందు, వెనక చక్రాలు విడివిడిగా తూయించి, మొదటి చీటీలతో పోల్చి చూడాలి.

ఖాళీ పెట్టెను నలుగురు ఎత్తగలిగినా, సామానుతో ఉన్నప్పుడు ఒక్కడే దించుకోవాల్సి రావచ్చు. దానికి స్లాబు సెంట్రింగ్‌లో వాడే మర జాకీలు ఉన్నాయి. పెట్టె నాలుగు మూలల్లో, చట్రానికే బిగించిన బ్రాకెట్లలో జాకీలు తొడిగి, నాలుగింటినీ కొంచెం కొంచెంగా తిప్పుతూ పెట్టెను డెక్ నుంచి రెండంగుళాలు లేపి, బండిని మెల్లగా ముందుకు పోనిస్తే చాలు, గది తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. జాకీలు బండి వెడల్పుకు బయట ఉండాలి కాబట్టి ప్రయాణంలో వాటిని ఊడదీసి లోపల పెట్టుకోవాలి. మెత్తటి నేల మీద జాకీ కింద చెక్క పలక వేయడం మరవకూడదు. ప్రయాణంలో పెట్టెను పట్టి ఉంచేది నాలుగు రాట్చెట్ బెల్టులు, కింద రబ్బరు చాప. మొదటి పది కిలోమీటర్లయ్యాక బండి ఆపి బెల్టులు మళ్లీ బిగించాలి, కొత్త బెల్టు తప్పకుండా సాగుతుంది.

వాతావరణం విషయానికొస్తే, ఈ జిల్లాలు రెండు పరీక్షలు పెడతాయి. 2025 మే 15 నుంచి 26 వరకు భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. నడివేసవిలో, గోదావరి ఒడ్డున, రేకు కప్పు కింద పడుకోవడం అంటే ఏమిటో ఊహించుకోవచ్చు. ఇనుప రేకు పగటి వేడిని నేరుగా లోపలికి దింపుతుంది, అంగుళం ఫోమ్ దాన్ని చాలావరకు ఆపుతుంది. తెల్ల రంగు కప్పు, దానికి జానెడు ఎత్తున కట్టిన తాడిపత్రి నీడ తోడైతే రాత్రికి గది నిద్రపట్టేలా ఉంటుంది. ఎదురెదురు గోడలకు దోమతెర వేసిన కిటికీలు తప్పనిసరి. ఏజెన్సీ గ్రామాల పక్కన దోమను తేలిగ్గా తీసుకోకూడదు. వాన పరీక్ష ఇంకా కఠినం. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. అలాంటి రాత్రి ఏ బంకా, ఏ గుడ్డా మనిషిని కాపాడవు. వాగు ఒడ్డున, లోలెవల్ కాజ్‌వే పక్కన మకాం వేయకపోవడమే మందు. నీళ్లలో తేలిక పెట్టె బరువు పెట్టెకన్నా ముందు తేలిపోతుంది, ఆ సంగతి దాచడం న్యాయం కాదు.

ఈ పద్ధతి మీద వచ్చే అభ్యంతరాల్లో గట్టిది బాడీ బిల్డింగ్ మేస్త్రీల నుంచే వస్తుంది. పలచగా కడితే నిలవదు, మన రోడ్ల గుంతలకు విడిపోతుంది అంటారు. వాళ్ల అనుభవం తీసిపారేసేది కాదు. విజయవాడ ఆటోనగర్ నుంచి మన జిల్లా కేంద్రాల షెడ్ల దాకా వాళ్లను ఎప్పుడూ అడిగింది టన్నులకు టన్నులు ఎక్కించినా పగలని బాడీలే. గ్రానైటూ సిమెంటూ మోసే బాడీకి ఇనుము కావాలి. మన పెట్టె మోసేది పడకలు, గిన్నెలు. గుంతలో పడ్డప్పుడు పెట్టె మీద పడే దెబ్బ దాని సొంత బరువుతో పాటే పెరుగుతుంది కాబట్టి బరువైన పెట్టె తన అతుకులను తానే ఎక్కువగా గుంజుకుంటుంది. విడిపోయేవి చాలావరకు పలకలు కావు, మూలలే. అక్కడ అల్యూమినియం యాంగిల్ వేసి, రివెట్లు దగ్గర దగ్గరగా కొట్టడానికి అయ్యే రెండు మూడు కిలోలు దండగ కాదు. బయటి గుడ్డకు రెండేళ్లకోసారి రంగు పడాల్సిందే. ఇనుప రేకుకైనా తుప్పు పట్టకుండా పూత వేస్తూనే ఉంటాం కదా.

నిప్పు గురించిన అభ్యంతరం ఇంతకన్నా బరువైనది, దానికి సర్దిచెప్పే జవాబు లేదు. ఫోమ్ కాలుతుంది, కాలితే ఊపిరాడనివ్వని పొగ వస్తుంది. కాబట్టి లోపల ఫోమ్ ఎక్కడా బయటికి కనిపించకుండా ప్లైతో మూయాలి. వంట పూర్తిగా బయటే, తాడిపత్రి పంచ కింద చేసుకోవాలి. గ్యాస్ సిలిండర్ పెట్టె లోపల పెట్టకూడదు. దీపం, అగరుబత్తి, దోమల కాయిల్ కూడా లోపల వద్దు. చలికాలం జాతరకు నిప్పుల కుంపటి లోపలికి తెచ్చుకుని తలుపు మూయడం ఇంకా ప్రమాదం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వెనక తలుపు కాక, పక్క గోడకు మనిషి పట్టే కిటికీ ఒకటి లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి. ఈ నిబంధనలు పాటించే ఓపిక లేనివాళ్లకు తాడిపత్రే క్షేమం.

తాడిపత్రి ఉండగా ఇదంతా ఎందుకు అనే ప్రశ్న కూడా న్యాయమైనదే. రెండేళ్లకు ఒకసారి, మాఘమాసపు ఆరుబయట చలిలో, బంధుబలగంతో మూడు రాత్రులు గడపడానికి తాడిపత్రిని మించింది లేదు. ఇరవైమంది కుటుంబాన్ని ఏ పెట్టే పట్టదు. పైగా ఏస్ క్యాబిన్‌లో డ్రైవర్ కాక ఒక్కరే కూర్చోగలరు. మిగతా ఇంటివాళ్లు ఎలా వస్తారంటే, ఆర్టీసీ బస్సులో రావాలి. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, జాతరకు ఆర్టీసీ వేల బస్సులు నడుపుతోంది. మనుషులు బస్సులో, గది బండిలో రావడం విడ్డూరంగా అనిపించినా ట్రాలీ మీద ముప్పైమందిని కుక్కడం కన్నా వెయ్యి రెట్లు నయం. బట్టలు మార్చుకోవడానికి, పసిబిడ్డకు పాలివ్వడానికి, నగానట్రా దాచడానికి తలుపూ గడియా ఉన్న గది ఒకటి ఉందంటే దాని విలువ ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఈ లెక్కలు వేసేటప్పుడు వాళ్లను అడిగే అలవాటు మనకు తక్కువ.

అయితే ఈ పెట్టె అసలు ఎవరికి అవసరమంటే భక్తులకన్నా ముందు వ్యాపారులకు. సంక్రాంతికి ఐనవోలు, అక్కడి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి ఆదివారాలు, నడుమ శివరాత్రికి కురవి వీరభద్రస్వామి, రెండేళ్లకోసారి మేడారం. గాజులు, బొమ్మలు, పేలాలు, బొట్టు కుంకుమ అమ్ముకునే కుటుంబాలు ఇలా జాతర వెంట జాతర తిరుగుతూ, సరుకు పక్కనే నేల మీద పడుకుంటాయి. ఏడాదిలో రెండు మూడు నెలలు అలా గడిపేవాళ్లకు వంద కిలోల గది సరదా వస్తువు కాదు. పగలు జాకీల మీద నిలబెట్టి పక్క గోడ పైకి లేపితే దుకాణం, రాత్రి దించితే పడకగది, ఖాళీ అయిన బండి ఆ లోపు కొత్త సరుకు తెస్తుంది. మెప్మా, సెర్ప్ లాంటి పేదరిక నిర్మూలన సంస్థలు, ఐటీఐలు కొలతలతో సహా ఒక మంచి నమూనా తయారుచేసి పెడితే ఊరి వెల్డర్లూ వడ్రంగులూ దాన్ని అందుకుంటారు. రవాణా శాఖ కూడా దించగలిగే పెట్టెను సరుకుగా చూస్తామో లేదో ఒక సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పాలి. అది రానంత కాలం కట్టుకున్నవాడు ప్రతి చెక్‌పోస్టు దగ్గరా అధికారి దయ మీద ఆధారపడాల్సిందే.

గత మహాజాతర 2026 జనవరి ఆఖర్లో ముగిసింది, మళ్లీ 2028లోనే. కట్టుకోవాలనుకునేవాళ్లకు చాలినంత సమయం ఉంది. ప్లైవుడ్ కొనడానికి ముందు బండిని కాంటా ఎక్కించి, ఆ చీటీ జేబులో పెట్టుకుని, తర్వాత రవాణా కార్యాలయానికి వెళ్లండి.